రెండు గంటలు ముందుకు

ఆరూ ఇరవై తొమ్మిది. ట్రావెల్స్ చేతిలో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. ఎక్కవలసిన అంతస్తులు నాలుగున్నాయి.

లిఫ్టుల దగ్గర జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. ఆమె అటు చూడనైనా చూడకుండా మెట్లవైపు మళ్లింది. చెవికి ఆనించిన ఫోన్‌లో విమానం కంపెనీవాళ్ల పాట ఒకటే చరణం తిప్పి తిప్పి వినిపిస్తోంది. పాట మధ్యలో ఒక గొంతు వచ్చి, మీ కాల్ మాకెంతో ముఖ్యమని చెప్పి మాయమవుతోంది.

పది నిమిషాల క్రితం వరకూ అంతా సవ్యంగానే ఉంది. ఏడు రోజులు సముద్రం మీద తిరిగిన ఓడ రేవుకి దగ్గరపడింది. వారంరోజులుగా మూగబోయిన ఫోన్‌కి సిగ్నల్ తగిలి, మెసేజీలు కుప్పగా వచ్చి పడ్డాయి. మూడోది విమానం కంపెనీది. ఐదుగురు ప్రయాణికులు, ఈరోజు ఉదయం ఎనిమిదీ నలభైకి విమానం.

ఆమె బుక్ చేసింది పదీ నలభైకి.

ఓడ తలుపులు తెరిచేదే ఏడున్నరకి. ఎయిర్‌పోర్టు అక్కణ్ణుంచి యాభై నిమిషాలు. ఎనిమిదీ నలభై విమానానికి ఏడూ నలభైకల్లా కౌంటర్ మూసేస్తారు. రెక్కలు కట్టుకుని ఎగిరినా అందే పని కాదు. ఉన్న దారి ఒక్కటే. టికెట్లు ఇంకో విమానానికి మార్పించాలి. ఆ మార్పు బయల్దేరడానికి రెండు గంటల ముందు వరకే చేస్తారు. అంటే ఆరూ నలభై. ఒక్క నిమిషం దాటినా ఐదు టికెట్లూ చిత్తుకాగితాలే.

ట్రావెల్స్ అనేది ఆమె పేరు కాదు. మెయిన్ రోడ్డు మీద ఒక ట్రావెల్ ఆఫీసులో మూడేళ్లుగా వెనకబల్ల దగ్గర కూర్చుని ఊరందరికీ టికెట్లు చేస్తోంది కాబట్టి ఇంట్లోవాళ్లు అలా పిలవడం మొదలుపెట్టారు, అదే స్థిరపడిపోయింది. ఆ వెనకబల్ల వదిలి సొంతంగా కౌంటర్ పెట్టుకోవాలన్నది ఆమె పంతం. దానికి చోటు కూడా కనిపెట్టింది. మేనమామ గడియారాల షాపులో ముందు సగం. గోడగడియారాలు కొనేవాళ్లు తగ్గిపోయి ఆ సగం ఖాళీగా దుమ్ము కొట్టుకుపోతోంది.

ఆ చోటు మీద కన్నున్నవాడు ఇంకొకడు కూడా ఉన్నాడు. మేనమామ కొడుకు, అంటే బావ. అక్కడ సెల్‌ఫోన్ కవర్లు పెట్టి అమ్ముతానని అతని ఆలోచన.

మేనమామ ఇద్దరి మాటా విన్నాడు. విని, భోజనాల బల్ల దగ్గర అందరి ఎదుటా తీర్పు చెప్పాడు. ఈ ఓడ ప్రయాణం మొత్తం మేనకోడలే ఏర్పాటు చెయ్యాలి. అనుకున్న రోజున, అనుకున్న వేళకి, ఐదుగురినీ ఇంటికి చేర్చిందంటే షాపు ముందు సగం దానిది, బోర్డు తనే కట్టిస్తాడు. తేడా వస్తే సెల్ కవర్లు.

ఇప్పుడా తేడా ఫోన్ తెరమీద ఎనిమిదీ నలభై అని వెలుగుతోంది.

*

తొమ్మిదో అంతస్తు టిఫిన్ హాల్లో కిటికీ పక్కన మేనమామ తీరిగ్గా కూర్చుని రెండో కాఫీ తెప్పించుకుంటున్నాడు. వీధిలో ఆయన్ని అందరూ గంటల మాస్టారంటారు. ఆయన షాపు తలుపు తీశాడంటే తొమ్మిదయిందని చుట్టుపక్కలవాళ్లు వాచీలు సరిచేసుకుంటారు. అత్తయ్యని ముప్ఫై ఏళ్లుగా ప్రతి ప్రయాణానికీ, ప్రతి పెళ్లికీ ఆలస్యం చేస్తున్నావని సాధిస్తున్న మనిషి.

ట్రావెల్స్ వచ్చి ఆయన పక్కన నిలబడేసరికి ఆరూ ముప్ఫై మూడు. సరిగ్గా అప్పుడే పాట ఆగి, ఒకమ్మాయి గొంతు వినబడింది. ట్రావెల్స్ రెండు ముక్కల్లో సంగతి చెప్పి, పన్నెండూ నలభై విమానంలో ఐదు సీట్లు కావాలంది. నాలుగే ఉన్నాయంది అవతలి అమ్మాయి. ఆలోచించుకోవడానికి టైము లేదు.

"నాలుగు దాంట్లో వేసెయ్యండి. ఐదోది తర్వాత విమానంలో."

"తర్వాతది సాయంత్రం ఐదూ ఇరవైకండీ. ఎవరి పేరు మీద వెయ్యమంటారు?"

"కౌంటర్లో చెప్తే కుదురుతుందా?"

ఐదుగురిదీ ఒకే బుకింగ్ కాబట్టి కుదురుతుందంది ఆ అమ్మాయి. బుకింగ్‌లో ఉన్న ఫోన్‌కి ఓటీపీ పంపానని, అది చెబితే పని అయిపోయినట్టేనని కూడా అంది.

బుకింగ్‌లో ఉన్న ఫోన్ మేనమామది. ఇంటిపెద్ద కదా అని ట్రావెల్సే ఆ నంబరిచ్చి, విమానం వేళల మెసేజీలు మాత్రం తన ఫోన్‌కి వచ్చేలా పెట్టుకుంది. ఆమె చెయ్యి చాపింది. మేనమామ మాత్రం ఫోన్ ఇవ్వలేదు. జేబులోంచి తీసి, కార్డులు చూసుకునే పేకాటరాయుడిలా గుండెకి దగ్గరగా పట్టుకుని, తనే అంకెలు ఒక్కొక్కటిగా చదివాడు. ఆరూ ముప్ఫై ఎనిమిదికి కొత్త టికెట్లు వచ్చాయి.

గండం గడిచింది. గట్టెక్కినా ట్రావెల్స్ ఫోన్ పెట్టెయ్యలేదు. అసలు పదీ నలభై టికెట్టు ఎనిమిదీ నలభైకి ఎప్పుడు మారిందో చూసి చెప్పమంది.

"మీరు ఓడెక్కిన రోజునండీ. మధ్యాహ్నం రెండూ పదికి. బుకింగ్‌లో ఉన్న నంబర్ నుంచే కాల్ చేశారు. 'రెండు గంటలు ముందుకు జరపాలి' అని రాసుంది."

"ఎవరు చేశారో రాసుందా?"

"రాయలేదండీ. సార్ అని మాత్రం ఉంది."

ఆమె ఫోన్ పెట్టేసి చూసేసరికి మేనమామ కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. అందులో కాఫీ అప్పటికే అయిపోయింది.

*

ఏడు గంటలకి ఐదుగురూ ఓడలోని పెద్ద హాల్లో చేరారు. పెద్దపెట్టెలు రాత్రే ఓడవాళ్లు పట్టుకుపోయారు కాబట్టి ఇప్పుడు వీళ్ల చేతిలో మిగిలింది ఆకుపచ్చ కాగితం ముక్క ఒకటి. ఆ రంగు పిలిచినప్పుడు దిగాలి. ఆకుపచ్చ ఎనిమిదీ యాభైకి పిలుస్తారట.

విషయం తెలిసి అత్తయ్య ముక్కున వేలేసుకుంది. అమ్మమ్మ మాత్రం చలించలేదు. తనని ఈ ఓడలోనే వదిలేసి పొమ్మంది, ఇక్కడ వేళకి అన్నం పెడుతున్నారు, ఇంట్లో ఆ భాగ్యం లేదంది.

బావ నిద్రకళ్లు నులుముకుంటూ వచ్చి పడ్డాడు. ఆరున్నరకి లేపితే లేచినవాడు. వస్తూనే ఎత్తుకున్నాడు.

"ఏం మేనేజరుగారూ, బోర్డు మీద 'మీ విమానం మిస్ చేయబడును' అని రాయిద్దామా?"

"రాయిద్దాం. పక్కనే నీ ఫొటో వేయిద్దాం. మార్చింది నువ్వయితే."

సార్, రెండూ పది, రెండు గంటలు ముందుకు. ఆ మూడు ముక్కలూ ఆమె అందరి ముందూ పెట్టింది. అత్తయ్య చూపు తిన్నగా కొడుకు మీద వాలింది. అందులో ఆశ్చర్యమేమీ లేదు. నాలుగు నెలల కిందట ఈ విమానం గురించి ఇంట్లో జరిగిన పంచాయితీ ఎవరూ మరిచిపోలేదు.

ఆ రోజు ఎనిమిదీ నలభై విమానమే కావాలని పట్టుబట్టింది బావే. ఓడ ఏడింటికి వస్తుంది కదా, గంటా నలభై నిమిషాలు చాలదా, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చని వాదించాడు. ఓడ రావడం వేరు, మనం దిగడం వేరని ట్రావెల్స్ ఓపిగ్గా చెప్పింది. ఓడ రేవుకి కట్టాక అధికార్లు ఎక్కి కాగితాలు చూడాలి. తర్వాత తలుపులు తియ్యాలి. మూడువేలమంది రంగుల వారీగా దిగాలి. దిగినవాళ్లు గోడౌనంత హాల్లో తమ పెట్టెలు వెతుక్కోవాలి. ఆ మూడువేలమందీ ఒకే టాక్సీ వరుసలో నిలబడాలి. ఇవన్నీ కలిపి, మధ్యాహ్నం పన్నెండున్నర లోపు విమానం ముట్టుకోకూడదని, అంతకు ముందుది ఎంత బాగా కనబడినా అది వల అని తేల్చింది. ఆఫీసులో ఇలా పొద్దున్నే విమానం పెట్టుకుని రేవులో నిలబడి ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లని ఆమె లెక్కలేనంతమందిని చూసింది.

మేనమామ ఇద్దరి మాటా పూర్తిగా ఒప్పుకోలేదు. టైము గురించి తనకొకరు చెప్పడమేమిటన్నాడు. మధ్యలోది పదీ నలభై బుక్ చెయ్యమన్నాడు. పెద్దపెట్టెలు బయట పెట్టకుండా మన చేతులతో మనమే మోసుకుని అందరికంటే ముందు దిగిపోతే అందుతుందన్నాడు. ఆమెకి నచ్చలేదు. అయినా పెద్దాయన మాట కాదనలేక చేసింది.

ఎనిమిదీ నలభై కావాలన్నది బావ. టికెట్టు ఎనిమిదీ నలభైకి మారింది. ఓడెక్కే వరుసలో తండ్రి ఫోన్ పట్టుకుని పక్కకి వెళ్లింది కూడా బావే. అది అత్తయ్య కళ్లారా చూసింది. తన ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందని తీసుకున్నాడు.

"ఎవరికి చేశావురా?" అంది అత్తయ్య.

బావ నీళ్లు నమిలాడు. ఒక స్నేహితుడికన్నాడు. ఏ స్నేహితుడంటే పేరు రాలేదు. మరదలికి షాపు దక్కకూడదని ఇంతమందిని రేవులో నిలబెడతావా అని అత్తయ్య కడిగిపారేసింది. సాయంత్రం ఐదూ ఇరవై విమానం వాడికే రాయించమని, ఎయిర్‌పోర్టులో ఒక్కడే కూర్చుని బుద్ధి తెచ్చుకోనీ అని తీర్మానించింది. మేనమామ అడ్డం చెప్పలేదు. గోడమీద గడియారం వైపు చూసి, రెండు నిమిషాలు వెనకుందని మాత్రం అన్నాడు.

*

అప్పటికి తీర్పు అయిపోయినట్టే. ట్రావెల్స్‌కి కావలసినదీ అదే. పోటీదారుడు తనంతట తాను గోతిలో పడ్డాడు. నోరు మూసుకుంటే చాలు.

కాని ఆమెకి మింగుడు పడనిది ఒకటుంది. మూడేళ్లుగా పాడైన ప్రయాణాలు బాగుచేసి బాగుచేసి ఆమెకొక అలవాటు పడింది. మనుషులు ఏం చెబుతున్నారో కాక, వాళ్ల పెట్టెలు ఎక్కడున్నాయో చూస్తుంది.

ఆమె బావని కాఫీ మిషన్ దగ్గరికి లాక్కెళ్లింది. ఆరున్నర దాకా ఎందుకు పడుకున్నావని అడిగింది. పదీ నలభై విమానమే కదా అనుకున్నానన్నాడు. ఎనిమిదీ నలభైకి మార్చినవాడయితే అలా గుర్రుపెట్టి పడుకోడు. తెల్లారకుండానే లేచి తలుపు దగ్గర కాపలా కాస్తాడు.

"ఆ రోజు ఫోన్ ఎవరికి? అమ్మకి చెప్పను. నాకు చెప్పు."

బావ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"బోర్డులు రాసేవాడికి. సెల్ కవర్ల బోర్డుకి పాతిక అక్షరాలు పడతాయా అని అడిగాను. నువ్వెలాగూ తప్పు చేస్తావని ముందే రాయించేద్దామని."

"ఎన్నింటికి?"

"రెండింటికల్లా ఫోన్ నాన్నకి ఇచ్చేశాను. ఆయనే తొందర చేశాడు, ఎవరికో మాట్లాడాలని."

ఆమెకి నవ్వొచ్చింది. వీడు దొంగే కాని, ఈ దొంగతనం వీడిది కాదు.

నిన్న రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టిందెవరు? చేత్తో మోసుకుపోదామని తనే వేసిన పథకాన్ని తనే కాదని, బరువెందుకు, వాళ్లే మోస్తారు పెట్టెయ్యండన్నదెవరు? పదీ నలభై విమానం ఎక్కాల్సిన పూట కిటికీ పక్కన కూర్చుని రెండో కాఫీ తాగిందెవరు? ఎనిమిదీ నలభై అని తెలిసినవాడు ఆ పని చెయ్యడు. పదీ నలభై అనుకున్నవాడూ చెయ్యడు. తన విమానం పన్నెండూ నలభైకి అని ధీమాగా ఉన్నవాడు ఒక్కడే చేస్తాడు.

మరి పన్నెండూ నలభై కోరుకున్నవాడి టికెట్టు ఎనిమిదీ నలభైకి ఎలా దిగింది?

ఆమె హాల్లోకి తిరిగొచ్చింది. అత్తయ్య, అమ్మమ్మ కిటికీ దగ్గర ఉన్నారు. మేనమామ ఒక్కడే కుర్చీలో కూర్చుని చేతివాచీ కీ మీద బొటనవేలు ఆనించి ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంది. చాలా మామూలుగా అడిగింది.

"మావయ్యా, వాచీలో పదీ నలభై అయింది. దాన్ని రెండు గంటలు ముందుకు జరిపితే ఎంతవుతుంది?"

"పన్నెండూ నలభై," అన్నాడాయన. నిద్రలో అడిగినా అంతే చెబుతాడు.

"విమానాన్ని రెండు గంటలు ముందుకు జరపమంటే?"

నలభై ఏళ్లుగా ముల్లుని ముందుకు తిప్పుతున్న చెయ్యి వాచీ మీదే ఆగిపోయింది. గడియారం ముందుకు జరిపితే టైము పెరుగుతుంది. పెళ్లి ముందుకు జరిపారంటే తొందరగా చేస్తున్నారని. ఫోన్‌లో ఆ అమ్మాయికి పెళ్లిళ్లే తెలుసు, గడియారాలు తెలియవు.

ఆయన మొహంలో రంగు మారడం ఆమె చూసింది. చూసి ఇంకేమీ అడగలేదు. ఎందుకు రహస్యంగా చేశాడో కూడా అడగలేదు. ఓడెక్కే ముందు వాళ్లిచ్చిన కాగితంలో దిగే వేళలు చదివి ఉంటాడు. మేనకోడలు చెప్పిందే నిజమని తెలిసి ఉంటుంది. అదే మాట పైకి చెప్పడానికి ఇంటిపెద్ద నోరు రాలేదు. గుట్టుగా మార్పించి, చివర్లో తన తెలివిగా చూపిద్దామనుకున్నాడు.

ఆకుపచ్చ పిలిచారు. అందరూ లేచారు.

వరుసలో బావ వెనకనుంచి ఆమె చెవి దగ్గర గొణిగాడు. కనిపెట్టేశావు కదా, చెప్పెయ్యొచ్చు కదా అన్నాడు.

"ఎయిర్‌పోర్టు కౌంటర్ దాకా ఆయనకి టైమిస్తున్నాను," అంది ట్రావెల్స్.

"ఆయన చెప్పకపోతే?"

"నేనే చెప్తాను. షాపు పోతే పోయింది. నీ మీద మోపి తీసుకున్న చోటులో కూర్చుని నేను ఎవరికి టికెట్లు అమ్మాలి?"

బావ ముందుకెళ్లి అమ్మమ్మకి చెయ్యి అందించాడు.

*

అన్నీ ఆమె నాలుగు నెలల కిందట చెప్పినట్టే జరిగాయి. పెట్టెల హాల్లో అమ్మమ్మ పెట్టె దొరకడానికి అరగంట. టాక్సీ వరుసలో నలభై నిమిషాలు. దారిలో ఒక వంతెన దగ్గర బళ్లు ఆగిపోయాయి. పదీ ఇరవైకి వాళ్లింకా వంతెన మీదే ఉన్నారు. పదీ నలభైకి నెత్తిమీదుగా ఒక విమానం ఎగిరింది. టాక్సీలో అందరూ తలెత్తి చూశారు, మేనమామ తప్ప. ఆయన వాచీకేసి చూసుకున్నాడు. అత్తయ్య రెండుసార్లు ఒంట్లో బాగుందా అని అడిగింది.

పదకొండూ అయిదుకి కౌంటర్ ముందు నిలబడ్డారు. విమానానికి ఇంకా గంటా ముప్ఫై అయిదు నిమిషాలుంది. పదకొండింటికి చేరతామని ట్రావెల్స్ వేసుకున్న లెక్కకి అయిదు నిమిషాలే తేడా.

కౌంటర్లో ఉన్నామె ఐదుగురి కార్డులూ తీసుకుంది. నాలుగు పన్నెండూ నలభైకి ఉన్నాయని, సాయంత్రం విమానానికి ఎవరి పేరు రాయాలని అడిగింది.

అత్తయ్య కొడుకుని భుజం పట్టి ముందుకు తోసింది. బావ మరదలి వైపు చూశాడు. ట్రావెల్స్ మేనమామ వైపు చూసింది. ఆమె మనసులో మాట సిద్ధంగా ఉంది. ఐదు లెక్కపెడదామనుకుంది. ఒకటి. రెండు. బల్ల అవతలామె పెన్ను ఎత్తింది. మూడు.

"వాణ్ణి వదులు," అన్నాడు మేనమామ.

ఆయన చేతివాచీ విప్పి కౌంటర్ బల్ల మీద పెట్టాడు. పెళ్లిలో కట్టుకున్నది మొదలు, స్నానానికి తప్ప ఆయన దాన్ని విప్పడం ఇంట్లో ఎవరూ చూడలేదు. అత్తయ్య చెయ్యి కొడుకు భుజమ్మీంచి దానంతటదే జారిపోయింది.

"దీన్ని నువ్వుంచమ్మా," అన్నాడు మేనకోడలితో. "ఇంటికెళ్లాక ముందు సగంలో గోడకి తగిలించు. నీ బోర్డు నేనే రాయిస్తాను, పాతిక అక్షరాలైనా సరే." బావ తలొంచుకున్నాడు. తండ్రికి అది కూడా తెలుసన్నమాట.

"ఇంతకీ ఎవరి పేరండీ?" అంది కౌంటర్లో ఆమె.

మేనమామ భార్య వైపు తిరిగాడు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆవిడ ఆయనకోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"సాయంత్రం విమానం నాకు రాయండి," అన్నాడు. "టికెట్టు మార్చింది వాడు కాదు. నేను."